ప్రమాణం చేయకుండా కూర్చుంటే జరిమానా, చేసి తప్పితే ఏమీ లేదా?

శాసనసభకు ఎన్నికైన మనిషి ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటేసినా రోజుకు 500 రూపాయల చొప్పున జరిమానా కట్టాలి. ఇది రాజ్యాంగం 193వ అధికరణలో ఉన్న మాట. ఆ సొమ్మును రాష్ట్రానికి రావలసిన బాకీగా వసూలు చేస్తారు. మరి ప్రమాణం చేసి, ఐదేళ్లూ దానికి విరుద్ధంగా నడుచుకున్నవాళ్లకు జరిమానా ఎంత? ఆ అంకె రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

సోమవారం వస్తే బందరు కలెక్టరేట్‌లో అర్జీ పట్టుకుని వరసలో నిలబడేవాళ్లకు ఈ ఖాళీ సంగతి చట్టం చదవకపోయినా తెలుసు. శ్మశానానికి దారి లేదని, ఇంటి స్థలం కొలతల్లో తేడా ఉందని, స్టేషన్‌లో కేసు కట్టలేదని ఒకే కాగితాన్ని నాలుగోసారి, ఐదోసారి రాయించుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమంది దళితవాడల వాళ్లే. ఆ అర్జీ తీసుకునే అధికారి, ఆయన పైన ఉండే మంత్రి, పక్కన కూర్చునే ఎమ్మెల్యే అందరూ ఏదో ఒక రోజు రాజ్యాంగానికి విధేయులుగా ఉంటామని ప్రమాణం చేసినవాళ్లే. ఆ మాటకు విలువ ఎంత, తప్పితే ఎవరిని ఎక్కడ అడగాలి అన్నదే ఈ వ్యాసం.

ఎవరు ఏమని ప్రమాణం చేస్తారు?

ప్రమాణాల నమూనాలు రాజ్యాంగం మూడో షెడ్యూల్‌లో ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉండవు. ఆ తేడాలు తెలిస్తే ఎవరిని ఏమి అడగవచ్చో తెలుస్తుంది.

ఎమ్మెల్యే చేసే ప్రమాణంలో మూడు మాటలు ఉంటాయి. రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతాననేది ఒకటి. దేశ సార్వభౌమాధికారాన్ని, సమగ్రతను కాపాడతాననేది రెండోది. చేపట్టబోయే కర్తవ్యాన్ని నమ్మకంగా నిర్వర్తిస్తాననేది మూడోది. నిజానికి గెలిచాకే కాదు, పోటీకి దిగేటప్పుడే మొదటి రెండు మాటల మీద ప్రమాణం చేయాలి. 1963లో చేసిన 16వ రాజ్యాంగ సవరణ నుంచి ఇది ఉంది. అంటే గుడివాడలోనో అవనిగడ్డలోనో పోటీ చేసి డిపాజిట్ పోగొట్టుకున్న అభ్యర్థి కూడా రాజ్యాంగానికి ఒకసారి మాట ఇచ్చినవాడే.

మంత్రి ప్రమాణం ఇంకా బరువైనది. భయం గానీ, పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా రాజ్యాంగాన్ని, శాసనాలను అనుసరించి ప్రజలందరికీ న్యాయం చేస్తానని మంత్రి అదనంగా చెబుతాడు. టీవీలో ప్రమాణ స్వీకారాలు చూసినవాళ్లందరికీ ఈ వాక్యం చెవిలో ఉండే ఉంటుంది. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ప్రమాణంలోనూ భయం, పక్షపాతం, రాగద్వేషాల మాట ఉంది. ఎమ్మెల్యే ప్రమాణంలో లేదు. గవర్నర్ అయితే రాజ్యాంగాన్ని కాపాడతానని, ప్రజల సేవకు, సంక్షేమానికి అంకితమవుతానని చెప్పాలి.

ఐఏఎస్, ఐపీఎస్ వంటి సర్వీసుల్లో చేరే అధికారులు కూడా దేశానికి, రాజ్యాంగానికి విధేయంగా ఉంటామని, విధులను నిజాయితీగా, నిష్పక్షపాతంగా నిర్వర్తిస్తామని ప్రమాణం చేస్తారు. జిల్లాలో మనకు ఎదురుపడే కలెక్టరు, ఎస్పీ ఇద్దరూ ఈ మాట ఇచ్చి కుర్చీ ఎక్కినవాళ్లే.

రాజుగారి నుంచి రాజ్యాంగానికి

ఈ మాటల విలువ తెలియాలంటే అవి లేని కాలాన్ని గుర్తు చేసుకోవాలి. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచెత్తింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. ఆ రోజు ఈ జిల్లాను ఏలిన అధికారి లండన్‌లోని రాణికి జవాబుదారీ. కొట్టుకుపోయిన పేటల జనానికి కాదు. 1937లో ఎన్నికలు జరిగి మద్రాసు శాసనసభలో మన ప్రతినిధులు కూర్చున్నప్పుడు కూడా వాళ్లు విధేయత ప్రకటించింది బ్రిటిష్ రాజుకే. 1935 చట్టం అలా నిర్దేశించింది.

ఆ వరస మారింది రాజ్యాంగంతోనే. ఆ రాజ్యాంగ సభలో బందరు మనిషి భోగరాజు పట్టాభి సీతారామయ్య సభ్యుడు. తర్వాత ఆయన మధ్యప్రదేశ్ గవర్నర్ అయి, రాజ్యాంగాన్ని కాపాడతానని ప్రమాణం చేశారు. రాజుకు చేసే ప్రమాణంలో ప్రజలు ఉండరు. రాజ్యాంగానికి చేసే ప్రమాణంలో 17వ అధికరణ ఉంటుంది, అంటే అంటరానితనం రద్దు ఉంటుంది. ఆ మాట పలికిన ప్రతి ఒక్కరూ, మనసులో ఏమున్నా, అంటరానితనం నేరమని ఒప్పుకున్నట్టే.

అయితే పైన రాజ్యాంగం వచ్చినా కింద ఊళ్లో పాత వరసే నడిచింది. కరణం, మునసబు పదవులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. భూమి లెక్క, పన్ను లెక్క, ఎవరికి ఎంత బంజరు రాసి ఉందన్న లెక్క అంతా వాళ్ల దగ్గరే. ఆ పుస్తకంలో దళితుడి పేరు ఎక్కాలన్నా, చెరగాలన్నా వాళ్ల కలమే. 1983లో గుడివాడ, తిరుపతి రెండు చోట్లా గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీ రామారావు 1984 జనవరిలో ఆర్డినెన్సుతో ఆ పదవులను రద్దు చేశారు. గ్రామాధికారులు సుప్రీంకోర్టుకు వెళ్లినా 1985లో కోర్టు ఆ రద్దును సమర్థించింది. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఇప్పుడు పామర్రు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో ఉంది. పుట్టుకతో వచ్చిన అధికారాన్ని ప్రశ్నించలేం. నియామకంతో, ఎన్నికతో వచ్చిన అధికారాన్ని ప్రశ్నించవచ్చు. ప్రమాణం ఆ ప్రశ్నకు మొదటి ఆధారం.

కాణిపాకం ప్రమాణం వేరు, ఇది వేరు

మన నాయకులు ఒకరి మీద ఒకరు ఆరోపణలు చేసుకున్నప్పుడల్లా కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా అని సవాళ్లు విసురుకుంటారు. ఆ ప్రమాణానికి దేవుడే సాక్షి, దేవుడే జడ్జి. తప్పితే శిక్ష కూడా దేవుడే వేయాలి. తరతరాలుగా గుడి మెట్లు ఎక్కనివ్వని మనుషులకు ఆ కోర్టులో ఫిర్యాదు చేసే వీలు కూడా ఉండేది కాదు.

రాజ్యాంగ ప్రమాణం గుడి బయట, అందరి ముందు జరుగుతుంది. దైవసాక్షిగా చేయవచ్చు, దేవుడి పేరు లేకుండా మనస్సాక్షిగానూ చేయవచ్చు. రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరిగి చివరకు రెండు రూపాలనూ ఉంచారు. బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పి, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా లాంటివాళ్లు పనిచేసిన నేల ఇది. దేవుణ్ణి నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ ఒకే బాధ్యత అన్నది ఇక్కడివాళ్లకు కొత్త కాదు. సాక్షి ఎవరైనా మాట ఇచ్చింది మాత్రం రాజ్యాంగానికి. అందుకే దాని లెక్క ఇక్కడే, ఈ ఊళ్లోనే తేలాలి.

దివిసీమలో ఒక పరీక్ష

2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు ఒక్కసారిగా పెరిగాయి. అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి ఆ ఒక్క నెలలో వంద మందికి పైగా వచ్చారు. అది నాట్ల కాలం. తెల్లవారకముందే చేల గట్ల మీద నడిచేది, నీళ్లలో చేతులు పెట్టి కలుపు తీసేది కూలీలు. పొలానికి మోటారు సైకిల్ మీద వచ్చి గట్టు మీద నిలబడేవాళ్లను పాము కరవడం అరుదు. ఆ సమయంలో ఆగస్టు 29న మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో సర్పశాంతి యాగం చేయిస్తామని జిల్లా యంత్రాంగమే ప్రకటించింది.

ఆసుపత్రికి విరుగుడు ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, నిజమే. మోపిదేవికి మొక్కుకునే భక్తుల హక్కు మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ప్రశ్న వేరు. ప్రజారోగ్య సమస్యకు యాగాన్ని ప్రభుత్వ చర్యగా ప్రకటించడం నిష్పక్షపాతంగా పనిచేస్తానన్న ప్రమాణానికి సరిపోతుందా? శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల ప్రాథమిక విధి అని 51ఎ అధికరణ చెబుతోంది. మామూలు పౌరుడికే ఆ విధి ఉన్నప్పుడు, ప్రమాణం చేసిన అధికారికి ఇంకెంత ఉండాలి? కూలీకి కావలసింది మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, టార్చిలైటు, ప్రతి పీహెచ్‌సీలో విరుగుడు మందు, రాత్రి పూట కూడా డాక్టరు. ఇవి అడిగితే బడ్జెట్ గుర్తొస్తుంది, యాగానికి మాత్రం తేదీ ఖరారవుతుంది. ప్రమాణం తప్పడం అంటే లంచం తీసుకోవడం ఒక్కటే కాదు. ఎవరి ప్రాణం ముందు, ఎవరి ప్రాణం తర్వాత అన్న ఎంపికలోనే ఎక్కువగా తప్పుతారు.

కోర్టులు ఏమన్నాయి?

అయితే ప్రమాణం తప్పారని నేరుగా కోర్టుకు వెళ్లి పదవి తీయించలేమా అంటే, దాదాపు లేదు. 1985లో కేరళ మంత్రి ఆర్. బాలకృష్ణ పిళ్లై చేసిన ఒక ప్రసంగం మీద దుమారం రేగింది. రాష్ట్రం తన వాటా కోసం పంజాబ్ తరహాలో పోరాడాలన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడారు. రాజీనామా చేసి, తర్వాత మళ్లీ మంత్రి అయ్యారు. దాని మీద వచ్చిన కేసులో, ప్రమాణం తప్పడం నమ్మకద్రోహమే కావచ్చు గానీ దాని ఆధారంగా కోర్టు మంత్రిని పదవి నుంచి దించలేదని, అది నియమించినవాళ్లు తేల్చుకోవాల్సిన విషయమని కేరళ హైకోర్టు చెప్పింది.

2014లో మనోజ్ నరూలా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే దారిలో ఇంకో అడుగు వేసింది. తీవ్రమైన నేరాభియోగాలు ఉన్నవాళ్లను మంత్రులుగా తీసుకోకుండా ఉండటం ప్రధాని, ముఖ్యమంత్రుల మీద రాజ్యాంగం ఉంచిన నమ్మకమని చెబుతూ, నిర్ణయాన్ని వాళ్ల విజ్ఞతకే వదిలింది. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో వచ్చిన తీర్పు మనకు ఇంకా పనికొస్తుంది. మంత్రి నోటి నుంచి వచ్చిన చెడ్డ మాట ఒక్కటే ప్రభుత్వ తప్పు కాదు. కానీ ఆ మాట వల్ల అధికారులు ఏదైనా చేసి, లేదా చేయాల్సింది చేయకుండా వదిలేసి పౌరుడికి నష్టం కలిగితే అప్పుడు అడగవచ్చని ఆ తీర్పు సారాంశం.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. కోర్టులు ప్రమాణాన్ని మొత్తంగా చూసి శిక్ష వేయవు. ఏ పని చేయలేదో, ఏ నష్టం జరిగిందో వేలు పెట్టి చూపించమంటాయి. కాబట్టి ప్రమాణంలో ఉన్న ఒక్కొక్క మాటకు ఏ చట్టంలో పట్టు దొరుకుతుందో వెతుక్కోవాలి.

సెక్షన్ 4: నిష్పక్షపాతానికి శిక్ష ఉన్న చోటు

దళితుల చేతిలో ఉన్న గట్టి పట్టు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989లోని సెక్షన్ 4. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వ ఉద్యోగి ఈ చట్టం కింద తన విధులను కావాలని నిర్లక్ష్యం చేస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఏడాది జైలు.

ఈ సెక్షన్ మొదటి నుంచీ ఉంది. కానీ విధులంటే ఏమిటో అందులో రాసి లేదు. దివిసీమకు కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు కూడా ఈ చట్టం అమల్లోనే ఉంది. ఊళ్లో పోలీసుల పాత్ర మీద మొదటి రోజు నుంచీ ప్రశ్నలు వచ్చాయి. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఏ పని చేయకపోతే నిర్లక్ష్యమో చట్టంలో పేరు పెట్టి రాయనంత కాలం అధికారి తప్పించుకోవడం తేలికే.

2015లో చేసి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన సవరణ ఆ లోటు తీర్చింది. ఇప్పుడు అధికారి విధులు ఇవి:

- బాధితులు నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించాలి.
- ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి, సరైన సెక్షన్లు పెట్టాలి.
- ఆ కాపీని వెంటనే ఫిర్యాదుదారుకు ఇవ్వాలి.
- బాధితుల, సాక్షుల వాంగ్మూలాలు నమోదు చేయాలి.
- దర్యాప్తు చేసి 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

వీటిలో ఏది చేయకపోయినా నిర్లక్ష్యమే. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ తేల్చి చెప్పింది. పెద్దమనుషుల్లో మాట్లాడుకుని రండి అని స్టేషన్ నుంచి వెనక్కి పంపితే, అది సలహా కాదు, విధిని తప్పడం.

ఒక మెలిక మాత్రం ఉంది. పరిపాలనా విచారణ జరిగి సిఫారసు వస్తేనే ఉద్యోగి మీద అభియోగం నమోదు చేయాలన్న షరతు ఈ సెక్షన్‌లోనే ఉంది. అంటే అధికారి తప్పును మొదట ఇంకో అధికారే తేల్చాలి. చాలా ఫిర్యాదులు అక్కడే ఆగుతాయి. అందుకే అర్జీ రాసేటప్పుడు న్యాయం చేయండి అని రాసి ఆపేయకూడదు. ఫలానా తేదీన ఫలానా విధి నిర్వర్తించలేదు, సెక్షన్ 4 కింద పరిపాలనా విచారణ జరిపించండి అని విడిగా అడగాలి. రసీదు తీసుకోవాలి.

అడగాల్సిన చోట్లు

కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలి. గుడివాడ వంటి రెవెన్యూ డివిజన్లలో కూడా అలాంటి కమిటీ ఉండాలి. రాష్ట్ర స్థాయిలో ముఖ్యమంత్రి అధ్యక్షతన ఏడాదికి రెండుసార్లు సమావేశం జరగాలి. ఇవి 1995 నిబంధనల్లో ఉన్నాయి. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని అమలు చేయడంలో అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, నిబంధనలను కచ్చితంగా పాటించాలని ఆదేశించింది. ఆ సమావేశాల తేదీలు, మినిట్స్ సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. కారణం లేకుండా సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా పడుతుంది. అది ఆయన సొంత జేబులోంచి కట్టాలి.

తుపాను ప్రాంతాల వాళ్లకు ఇంకో పట్టు ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో పది వేలకు పైగా ప్రాణాలు పోయినప్పుడు విపత్తుల మీద ప్రత్యేక చట్టమే లేదు. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. సహాయం, పరిహారం ఇచ్చేటప్పుడు కులం, మతం, లింగం ఆధారంగా వివక్ష చూపకూడదని దాని సెక్షన్ 61 చెబుతోంది. విధి నిర్వర్తించకుండా తప్పుకునే అధికారికి సెక్షన్ 56 కింద ఏడాది దాకా జైలు పడవచ్చు. అయితే ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలి. నాగాయలంక, కోడూరు తీరంలో పునరావాస కేంద్రాల్లో ఎవరిని ఎక్కడ పడుకోబెట్టారు, బియ్యం ముందు ఏ పేటకు వెళ్లాయి అన్నది ఇకపై ఊరి కబుర్లలో తేలిపోయే సంగతి కాదు, చట్టం ముందుకు తీసుకెళ్లగల సంగతి.

ప్రమాణం చేసిన దళిత సర్పంచుకూ రక్షణ ఉంది. ఎస్సీ, ఎస్టీ సర్పంచును గానీ, వార్డు సభ్యుణ్ణి గానీ బెదిరించి, అడ్డుకుని పని చేయనివ్వకపోతే అది అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కింద నేరం. కుర్చీలో కూర్చోనివ్వకుండా వెనక నుంచి మరొకరు నడిపించే పంచాయతీలు ఉన్నంత కాలం ఈ సెక్షన్ ప్రతి దళిత సర్పంచుకూ తెలిసి ఉండాలి. మంత్రులు, ఎమ్మెల్యేలు, అధికారుల అవినీతి మీదైతే 1983 చట్టం కింద ఏర్పడిన లోకాయుక్తకు వెళ్లవచ్చు.

మాట ఇచ్చిందెవరికి?

ఏటా నవంబరు 26న ప్రభుత్వ కార్యాలయాల్లో రాజ్యాంగ పీఠిక చదివిస్తారు. అందరూ నిలబడి, చెయ్యి ముందుకు చాచి పలుకుతారు. ఆ మాటలు గోడలకు చెప్పినవి కాదు. దళితవాడలో ఒక్క కాపీ పెట్టుకుని, ఏడాదిలో ఎన్ని ఎఫ్ఐఆర్‌లు ఎన్ని రోజుల్లో నమోదయ్యాయి, ఎన్ని చార్జిషీట్లు 60 రోజుల్లో వేశారు, కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది అని ఒక కాగితం మీద రాసి ఆ రోజే కలెక్టరేట్‌లో ఇవ్వవచ్చు. ప్రమాణం ఎంతవరకు నిలిచిందో కొలిచే పద్ధతి ఇదే.

రాజ్యాంగం ఎంత మంచిదైనా అమలు చేసేవాళ్లు మంచివాళ్లు కాకపోతే అది చెడ్డదే అవుతుందని అంబేడ్కర్ 1949 నవంబరు 25న హెచ్చరించారు. అమలు చేసేవాళ్లు మంచివాళ్లు అవుతారని ఎదురు చూస్తూ కూర్చోవలసిన పని లేదు. ప్రమాణం చేసినవాళ్ల చేత దాన్ని అమలు చేయించాల్సింది, అది ఎవరి పేరు మీద చేశారో ఆ ప్రజలే.